కోలుకుంటున్న మనిషికి కుక్కల దగ్గర పని: ఏది ముందు, ఏది తరువాత, ఏది వద్దు

వ్యసన విముక్తి కేంద్రం నుంచో, మానసిక వైద్యశాల నుంచో ఇంటికి వచ్చిన మనిషి విషయంలో మొదటి కొన్ని నెలలు ఇంటిల్లిపాది దృష్టీ మందుల మీదే ఉంటుంది. ఆ తరువాత "ఇక ఏదైనా పనిలో పెడితే బాగుంటుంది" అన్న మాట మొదలవుతుంది. ఆ మనిషి వీధి కుక్కలకు అన్నం పెట్టడం, వాటి దగ్గర ఉన్నంతసేపూ ముఖం తేటపడటం ఇంట్లోవాళ్లు గమనించి ఉంటే, కుక్కలకు సంబంధించిన పని చూద్దామన్న ఆలోచన రావడం సహజం. ఆలోచన మంచిదే. అయితే కుక్కల పని అనేది ఒక్క పని కాదు. జంతు సంరక్షణ కేంద్రంలో బోనులు కడగడం, గ్రూమింగ్ దుకాణంలో స్నానం చేయించి జుట్టు కత్తిరించడం, యజమానులు ఊరెళ్లినప్పుడు బోర్డింగ్‌లో చూసుకోవడం, ఇళ్లకు వెళ్లి నడకకు తీసుకెళ్లడం, పశువైద్యుని దగ్గర సహాయకుడిగా ఉండటం, వీధి కుక్కలను పట్టే బండి మీద వెళ్లడం, శిక్షణ ఇవ్వడం అనేవి ఒకదానితో ఒకటి పోలిక లేని పనులు. ఒకరిని నిలబెట్టిన పని ఇంకొకరి జబ్బును తిరగబెట్టించగలదు.

అందుకే కుక్కలంటే ప్రాణం అన్న ఒక్క మాటను పట్టుకుని పని నిర్ణయించవద్దని నా మనవి. పని గంటలు ఎలా ఉంటాయి, పక్కన ఎవరుంటారు, చేతికందే దూరంలో ఏముంటుంది, చావును ఎంత తరచుగా చూడాల్సి వస్తుంది అన్న నాలుగు విషయాలు ముందు తేల్చుకోవాలి. కుక్క మీద ప్రేమ ఈ నాలుగింటి తరువాతే లెక్కలోకి వస్తుంది.

కుక్క తోడు వేరు, కుక్కల దగ్గర ఉద్యోగం వేరు

ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం వల్ల చాలా కుటుంబాలు తప్పటడుగు వేస్తాయి. మనసు కుదుటపడటానికి కుక్క సాంగత్యం ఉపయోగపడుతుందన్నది చికిత్సకు సంబంధించిన మాట. 1960లలో అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త తన కుక్క జింగిల్స్ గదిలో ఉన్నప్పుడు, మాట్లాడని పిల్లలు సైతం దానితో కలివిడిగా ఉండటం గమనించి రాసినప్పటి నుంచి ఈ చర్చ వైద్యరంగంలో నడుస్తూనే ఉంది. కానీ వారానికి ఒక గంట కుక్కను నిమరడం వల్ల ఎవరికీ జీతం రాదు. ఇంట్లోవాళ్లు ఒక కుక్కపిల్లను కొనిచ్చి అదే మార్పు తెస్తుందని ఎదురుచూడటం ఇంకా బరువైన పొరపాటు. రాత్రుళ్లు ఏడ్చే, టీకాలు వేయించాల్సిన, ఇల్లంతా పాడుచేసే పిల్ల ఇంకా తన నిద్రే కుదురుకోని మనిషి మీద పడుతుంది.

తోడునూ ఉద్యోగాన్నీ సవ్యంగా ముడివేసిన ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో గిగ్ హార్బర్ సమీపాన ఉన్న మహిళా కారాగారంలో 1981లో ఖైదీల చేత కుక్కలకు శిక్షణ ఇప్పించే కార్యక్రమం మొదలైంది. దానికి మూలకారకురాలు సిస్టర్ పాలిన్ క్విన్. యౌవనంలో ఆశ్రయ సంస్థల్లోనూ వీధుల్లోనూ బాధలు పడిన ఆమెకు జోని అనే జర్మన్ షెపర్డ్ కుక్క వల్ల తిరిగి మనుషుల్లోకి రాగలిగే ధైర్యం వచ్చింది. ఆ అనుభవాన్నే ఆమె, పశువైద్య ఆచార్యుడు లియో బుస్టాడ్ సహకారంతో, ఖైదీల దగ్గరికి తీసుకెళ్లింది. కాలక్రమంలో ఆ కారాగారంలోనే బయటి ప్రజల కుక్కలకు గ్రూమింగ్, బోర్డింగ్ సేవలు అందించే ఏర్పాటు కూడా వచ్చింది. మనం గ్రహించాల్సింది ఆ రెండో భాగాన్ని. ఊరట ఇచ్చిన కుక్కే చేతికి ఒక విద్యను కూడా ఇచ్చింది. బయటికి వచ్చిన మహిళ తనకు కుక్కలంటే ఇష్టమని మాత్రమే కాకుండా, ఏ జాతి కుక్క జుట్టు ఎలా కత్తిరించాలో తెలుసని చెప్పుకోగలిగింది.

ముందు శిక్షణా, ముందు ఉద్యోగమా

మన దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, మనిషి పూర్తిగా బాగుపడాలి, ఆ తరువాత శిక్షణ పొందాలి, చివరికి ఉద్యోగంలో చేరాలి. దీనికి ఎదురుగా, తీవ్రమైన మానసిక జబ్బులున్నవారి కోసం అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ 1990లలో రూపొందించిన పద్ధతి ఒకటుంది. అందులో, పని చేయాలని కోరుకున్న వ్యక్తిని ఏళ్ల తరబడి శిక్షణలో కూర్చోబెట్టకుండా, త్వరగా మామూలు ఉద్యోగంలో చేర్పించి, ఉద్యోగంలో ఉండగానే వైద్య బృందంతో కలిసి అండగా నిలుస్తారు. అనేక దేశాల్లో జరిగిన పోలిక అధ్యయనాల్లో పాత పద్ధతి కంటే దీని ద్వారా సుమారు రెట్టింపు మంది ఉద్యోగాల్లో చేరారు.

కుక్కల పనులకు ఈ రెండో పద్ధతే బాగా అతుకుతుందని నా అభిప్రాయం. ఈ పనుల్లో ఎక్కువ భాగం పక్కనున్నవాళ్లను చూసి నేర్చుకునేవే. పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా పదో తరగతి తరువాత రెండేళ్ల కోర్సు. తిరుపతి వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనూ, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనూ ఇది ఉంది. అయితే అది ప్రధానంగా పాడిపశువుల కోసం ఉద్దేశించిన చదువు. ముప్పై అయిదేళ్ల వయసులో మళ్లీ జీవితం మొదలుపెడుతున్న మనిషికి అది దగ్గరి దారి కాదు.

సంరక్షణ కేంద్రం: మొదటి మెట్టుగా

హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల నెలకొల్పిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996 నుంచి పనిచేస్తున్న జంతు సంరక్షణ సంఘం వి.ఎస్.పి.సి.ఎ. వంటి సంస్థలు మన ప్రాంతంలో అందరికీ తెలిసినవే. ఇటువంటి చోట్ల పని ఎలా ఉంటుందంటే, ఉదయాన్నే బోనులు కడగాలి, ఫినాయిల్ వేయాలి, అన్నం కలిపి పెట్టాలి, నీళ్ల తొట్లు నింపాలి, గజ్జి పట్టినవాటికి మందు రాయాలి, పిడుదులు ఏరాలి. రోజూ అదే క్రమం. కోలుకుంటున్న మనిషికి ఈ క్రమమే మేలు చేస్తుంది. కొనుగోలుదారులతో మాటలు పడనక్కర్లేదు, లెక్కలు చూడనక్కర్లేదు, తోటి పనివారు పక్కనే ఉంటారు. తాను రాకపోతే ఇరవై కుక్కలు ఆకలితో ఉంటాయన్న ఆలోచన, మంచం దిగాలనిపించని రోజున సైతం మనిషిని బస్టాపు దాకా నడిపిస్తుంది. జీతం లేకుండా వారానికి రెండు మూడు పూటలతో మొదలుపెట్టే వీలుండటం మరో సౌకర్యం.

లోటుపాట్లు కూడా గట్టివే. మొదటిది చావు. రోడ్డు ప్రమాదంలో నడుము విరిగినవి, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకినవి, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్లలు ఇక్కడికే చేరతాయి. నిన్న చేతిలో పాలు తాగిన పిల్ల ఇవాళ ఉండదు. కుంగుబాటు నుంచి బయటపడుతున్నవారు, దగ్గరివాళ్లను పోగొట్టుకున్న దుఃఖంలో తాగుడుకు అలవాటుపడినవారు ఈ దెబ్బను తట్టుకోవడం కష్టం. అందువల్ల చేరేటప్పుడే నిర్వాహకులతో మాట్లాడి, కుక్కపిల్లల వార్డులో కాకుండా, దత్తతకు సిద్ధంగా ఉన్న ఆరోగ్యవంతమైన కుక్కల వైపు పని అడగాలి. ఇలా అడగడానికి మొహమాటపడవద్దు. రెండోది శబ్దం. కుక్కల గదుల్లో మొరుగుడు 100 డెసిబెల్స్ దాటుతుందని కొలతల్లో తేలింది. చెవిలో మాటలు వినిపించే జబ్బు ఉన్నవారికీ, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడే వారికీ అది నిత్య పరీక్ష. మూడోది, జీతమిచ్చే ఖాళీలు తక్కువ. కాబట్టి దీన్ని మొదటి మెట్టుగా చూడాలి. ఆరు నెలలు క్రమం తప్పకుండా వచ్చారని ఆ సంస్థవారు రాసిచ్చే ఒక్క కాగితం తరువాతి ఉద్యోగానికి ఎంతో బలం.

ఇంట్లో టీకాలు పడని కుక్కపిల్ల ఉంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. పార్వో వైరస్ బట్టలకూ చెప్పులకూ అంటుకుని ఇంటికి వస్తుంది, నేలలో నెలల తరబడి బతుకుతుంది. పని బట్టలు, చెప్పులు అక్కడే ఉంచి రావాలి.

పశువైద్యశాల: బీరువాలో ఏముందో చూడండి

సహాయకుడి ఉద్యోగం దొరకడం తేలిక, గౌరవం కూడా ఉంటుంది. అయినా మత్తుకు సంబంధించిన గతం ఉన్నవారికి నేను చివరన సూచించే పని ఇదే. కుక్కల శస్త్రచికిత్సల్లో విరివిగా వాడే కెటమిన్ మన దేశంలో మత్తు పదార్థాల చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు, మనుషులు మత్తు కోసం దుర్వినియోగం చేసే మందు కూడా. దానితో కలిపి ఇచ్చే జైలజిన్ అనే పశువుల మత్తుమందు అమెరికాలో ఫెంటనిల్ అనే తీవ్రమైన మాదకద్రవ్యంతో కలిసి వీధుల్లోకి రావడం వల్ల, ఆ మిశ్రమాన్ని అక్కడి ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కొత్తగా తలెత్తుతున్న ముప్పుగా ప్రకటించింది. సిరంజిలు, సూదులు ఎటు చూసినా కనిపిస్తాయి. మనిషి ఎంత నిబ్బరంగా ఉన్నా, సూది మందులకు అలవాటుపడిన గతం ఉన్నవారిని మొదటి ఏడాదిలో ఆ గదిలో నిలబెట్టడం వారికి న్యాయం చేయడం కాదు. చేరక తప్పకపోతే మందుల బీరువా తాళం, వాడకం రిజిస్టరు మరొకరి చేతిలో ఉండాలని ముందే స్పష్టంగా మాట్లాడుకోవాలి.

తాగుడు మానినవారికి ఇక్కడ మరో చిక్కు ఉంది, అది మా ఇంట్లోనే అనుభవమైంది. మా పిన్ని కొడుకు మద్యం మాని, తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకుంటున్న రోజుల్లో ఒక పశువైద్యశాలలో చేరాడు. రోజంతా స్పిరిట్‌తో బల్లలు తుడవడం, చేతులకు శానిటైజర్ రాసుకోవడం ఆ ఉద్యోగంలో భాగం. ఆ మాత్ర వాడుతున్నవారు ఆల్కహాల్ కలిసిన ద్రవాలను చర్మానికి రాసుకున్నా, ఆవిరి పీల్చినా కొందరికి ముఖం ఎర్రబడటం, గుండె దడ, వికారం రావచ్చు. వాడికి శరీరానికి పెద్దగా ఏమీ కాలేదు కానీ, ఆ వాసన వాడిని సాయంత్రానికల్లా పాత చోటికి లాగడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజున వాడే వచ్చి చెప్పి మానేశాడు. మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే వాడిని ఆ తొమ్మిది రోజులూ ఆ బాధకు గురిచేసేవాళ్లం కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గ్రూమింగ్: నిలకడైన సంపాదనకు

పట్టణాల్లో షిట్‌జూ, పొమేరియన్, గోల్డెన్ రిట్రీవర్ వంటి జుట్టు ఎక్కువగా ఉన్న జాతుల పెంపకం పెరిగినకొద్దీ గ్రూమింగ్ దుకాణాలు పెరిగాయి. నాలుగు ప్రశ్నలనూ దీనికి వర్తింపజేసి చూడండి. పగటి గంటలే ఉంటాయి, దుకాణంలో మరొకరు ఉంటారు, మత్తు మందుల బీరువా ఉండదు, చావు ఎదురుకావడం అరుదు. అన్నిటికీ మించి, ఒక గంటో రెండు గంటలో పడే ప్రతి పనికీ కంటికి కనిపించే ముగింపు ఉంటుంది. చిక్కులు పడి వచ్చిన కుక్క నిగనిగలాడుతూ వెళుతుంది, యజమాని ముఖం వికసిస్తుంది. తన చేతితో ఏదైనా చెడిపోవడమే గానీ బాగుపడటం చూసి ఎన్నో ఏళ్లయిన మనిషికి ఆ దృశ్యం ఎంత అవసరమో, దగ్గరుండి చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఇక్కడ చూసుకోవాల్సింది చేతి వణుకు. మానసిక స్థితిని నిలకడగా ఉంచడానికి ఇచ్చే లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందుల వల్ల చేతులు సన్నగా వణకడం మామూలే. మద్యం మానిన తొలి రోజుల్లోనూ వణుకు ఉంటుంది. కత్తెర, క్లిప్పర్ మెలకువగా నడవాల్సిన చోట, గోళ్లు తీసేటప్పుడు లోపలి రక్తనాళం తెగకూడని చోట ఆ వణుకు కుక్కకు గాయం, మనిషికి అవమానం తెచ్చిపెడుతుంది. అందుకని మొదటి కొన్ని నెలలు స్నానం, ఆరబెట్టడం, దువ్వడం వరకే ఒప్పుకుని, వణుకు విషయం వైద్యునికి చెప్పి, తరువాత కత్తెర పట్టడం మంచిది. రోజంతా నిలబడి వంగి చేసే పని కాబట్టి నడుము నొప్పి వస్తుంది. లిథియం వాడుతున్నవారు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుంటే రక్తంలో లిథియం పాళ్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. పనిలో చేరే ముందే వైద్యుని అడిగి, వాడదగిన మాత్ర పేరు రాయించుకోవాలి.

మా పిన్ని కొడుకు ఇప్పుడు చేస్తున్నది ఈ పనే.

బోర్డింగ్, నడక

సంక్రాంతి, దసరా, దీపావళి, వేసవి సెలవులు. బోర్డింగ్‌కు గిరాకీ అంతా అప్పుడే. మిగతా నెలల్లో పని పలచబడుతుంది. అక్కడ రాత్రి కాపలా కూడా సహాయకుడి మీదే పడటం రివాజు. మనసు ఒకసారి విపరీతమైన ఉద్రేకంలోకి, ఒకసారి కుంగుబాటులోకి ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవారికి వరుసగా నిద్ర చెడటం ఉన్మాద దశను రేపగలదు కాబట్టి, వారు రాత్రి పని ఉన్న బోర్డింగ్‌కు వెళ్లకూడదు. తాగుడు మానినవారి విషయంలో లెక్క కొంచెం వేరు. పండగ రోజుల్లో ఇంటి నిండా చుట్టాలు, ఎవరో ఒకరి చేతిలో గ్లాసు ఉన్నప్పుడు, ఆ రెండు రోజులూ కుక్కల దగ్గర పనిలో ఉండటమే కొందరిని కాపాడుతుంది. అయితే తోడు మరో మనిషి ఉండాలి. ఒంటరి రాత్రి, చేతిలో పండగ బోనస్ డబ్బు ఒక చోట కలవకూడదు.

కుక్కలను నడకకు తీసుకెళ్లడంలో స్వేచ్ఛ ఎక్కువ. కొండాపూర్, గచ్చిబౌలి, మధురవాడ వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో నెలకు ఇంతని మాట్లాడుకుని ఉదయం, సాయంత్రం తిప్పుతారు. కానీ పని తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి ఒలాంజపిన్, క్వెటియాపిన్, క్లోజపిన్ వంటి మానసిక జబ్బుల మందులు వేసుకునేవారికి ఆ వేళకు మత్తు వదలదు. మగతలో ఉన్న మనిషి చేతి నుంచి పట్టీ జారి కుక్క రోడ్డు మీదికి పరుగెత్తితే ఆ పశ్చాత్తాపం చిన్నది కాదు. పైగా మన వేసవి ఉంది. ఒంట్లో నీరు తగ్గితే లిథియం పాళ్లు పెరుగుతాయి, మరికొన్ని మందులు శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఇవేవీ అడ్డు కానివారికి, కనీసం ఏడాది నిలకడగా ఉన్నవారికి, ఇది రెండో ఉద్యోగంగా బాగుంటుంది.

వీధి కుక్కలను పట్టే బండి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టిన కుక్కకు శస్త్రచికిత్స, టీకా అయ్యాక సాధారణంగా తెచ్చిన చోటే తిరిగి వదలాలి. పట్టేటప్పుడు కుక్కలను ప్రేమించేవాళ్లు, వదిలేటప్పుడు వాటికి భయపడేవాళ్లు సిబ్బంది మీద విరుచుకుపడతారు. రోజూ వీధిలో తిట్లు తినే పని కోలుకుంటున్న మనిషికి వద్దు. శిక్షకుడి వృత్తి గొప్పదే, కానీ అందులో కుక్కకన్నా యజమానికి ఎక్కువ నేర్పాల్సి ఉంటుంది. ఆ ఓపిక, మాట నేర్పు ఉన్నవారు కొన్నేళ్ల తరువాత అటు వెళ్లవచ్చు.

చేరే ముందు తేల్చుకోవాల్సినవి

వైద్యం వేళలతో పని వేళలు ఢీకొనకూడదు. హెరాయిన్ వంటి ఓపియాయిడ్ మత్తుల బదులు వైద్యులే మందు ఇచ్చే ఓపియాయిడ్ ప్రత్యామ్నాయ చికిత్స కింద రోజూ కేంద్రానికి వెళ్లి బుప్రెనార్ఫిన్ వేసుకునేవారికి ఉదయం పూటే అక్కడ పని ఉంటుంది, సంరక్షణ కేంద్రంలో బోనులు కడిగేదీ ఉదయమే. క్లోజపిన్ మొదలుపెట్టినవారికి తొలి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. ఈ సెలవులు ముందే అడిగి ఒప్పించుకోవాలి.

జబ్బు సంగతి పనిలో పెట్టుకునే యజమానికి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా ఆ వ్యక్తి నిర్ణయమే కావాలి, అన్నయ్యో అత్తయ్యో ముందుగా వెళ్లి చెప్పేయడం సరికాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కించి, చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కు ఇచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద మానసిక అనారోగ్యం వైకల్యాల జాబితాలో ఉంది. 40 శాతం, ఆపైన ధ్రువీకరణ పొందినవారికి సొంత పని పెట్టుకోవడానికి జాతీయ దివ్యాంగుల ఆర్థికాభివృద్ధి సంస్థ రుణాలు ఉన్నాయి. కానీ మొదటి ఏడాదే రుణం తీసుకుని దుకాణం తెరవడాన్ని నేను సమర్థించను. అప్పు తీర్చలేమోనన్న ఆందోళన వచ్చినచోటికి పాత అలవాటు కూడా వస్తుంది.

జీతం రోజువారీ నగదుగా కాకుండా నెలకోసారి బ్యాంకు ఖాతాలో పడేలా మాట్లాడుకోవాలి. గ్రూమింగ్ దుకాణాలు చాలావరకు పదిమంది లోపు సిబ్బందితో నడుస్తాయి కాబట్టి ఉద్యోగులకు వైద్యఖర్చు చూసే ఈఎస్ఐ బీమా వర్తించకపోవచ్చు. కరిస్తే ఖర్చు ఎవరిదన్నది నోటిమాటగా వదిలేయవద్దు.

ఏ పని ఎంచుకున్నా రేబిస్ ముందస్తు టీకా పూర్తి కాకుండా కుక్క మీద చేయి వేయకూడదు. మన దేశంలో అది 0 (మొదటి డోసు వేసిన రోజు), 7వ రోజుల్లోనూ, 21 లేదా 28వ రోజునా వేసే మూడు డోసులు. తరువాత ఎప్పుడైనా కరిస్తే గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో పావుగంట కడిగి, 0, 3 రోజుల్లో రెండు డోసులు వేయించుకోవాలి. ముందస్తు టీకా పడినవారికి సీరం (గాయం దగ్గర ఇచ్చే రేబిస్ యాంటీబాడీల సూది) అవసరం ఉండదు. ఆ నెల రోజుల విరామంలో మనిషిని ఊరికే కూర్చోబెట్టకుండా, దుకాణానికి వెళ్లి చూసి రమ్మనండి.

మొదటి నెల సగం పూటలే ఒప్పుకోండి. వారానికోసారి పని ఎలా ఉందని కాకుండా, నిద్ర ఎలా ఉంది, ఏ కుక్క దగ్గర ఎక్కువసేపు గడుపుతున్నావని అడగండి. జవాబులు పొట్టిగా మారడం మొదలైతే, తాగుడు, మత్తు మీద మనసు లాగుతోందన్న అనుమానం వస్తే 14446, మనసు బాగోలేదనిపిస్తే 14416 హెల్ప్‌లైన్ నంబర్లకు ఫోన్ చేయవచ్చు, రెండూ ఉచితమే, 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. పని కుదరక మానేయాల్సి వస్తే, ఫోనులో మానేశామని చెప్పి ఊరుకోకుండా, చివరి రోజు మనిషిని అక్కడికి పంపండి. తాను సాకిన కుక్కలకు తినేదేదో తీసుకెళ్లి పెట్టి, అవి ఎవరి చేతికి వెళుతున్నాయో కళ్లారా చూసి రానివ్వండి. చెప్పకుండా వెళ్లిపోవడం ఆ మనిషి జీవితంలో ఇప్పటికే చాలాసార్లు జరిగి ఉంటుంది.